పాము పెట్టె చుట్టూ చీమల చాక్‌పీసు గీయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. మీ పేపర్‌ను ఇక్కడి తెలుగు ఇళ్లలో పొద్దున కాఫీతోపాటు ఫోన్లో చదువుతారు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

మా అబ్బాయికి పదకొండేళ్లు. రెండేళ్ల కిందట ఒక కార్న్ స్నేక్ పిల్లను తెచ్చుకున్నాడు. విషం లేని పాము. నారింజ రంగు ఒంటి మీద ఎర్ర మచ్చలుంటాయి. పేరు జిలేబీ. మా వీధిలోనే మరో రెండు తెలుగు ఇళ్లలో బాల్ పైథాన్లున్నాయి, అవి విషం లేని చిన్న కొండచిలువలు. కుక్కపిల్లను తెస్తే పొద్దున్నే బయట తిప్పేదెవరని ఆలోచించే అమ్మానాన్నలు చివరికి పాముకు ఒప్పుకుంటున్నారు.

పోయిన జూన్‌లో వారం రోజులు వాన పడింది. అలా పడిందంటే ఇక్కడ నేలలోని చీమలు ఇళ్లలోకి వచ్చేస్తాయి. అలాంటి ఒక రాత్రి జిలేబీకి పెట్టిన ఎలుక పిల్లను అది తినలేదు. వాడు తీయడం మర్చిపోయి పడుకున్నాడు. తెల్లారేసరికి కిటికీ దగ్గర నుంచి గాజు పెట్టె దాకా చీమల బారు. మా అత్తయ్యగారు అప్పటికి ఇక్కడే ఉన్నారు. వచ్చిన కొత్తలో ఆ గదిలోకి అడుగు కూడా పెట్టని మనిషి. మూడు నెలలు గడిచేసరికి రోజూ నీళ్ల గిన్నె మార్చేది ఆవిడే. మేం ఆఫీసుకి, వాడు సమ్మర్ క్యాంపుకి వెళ్లాక, నోరులేని జీవిని చీమలు కుడుతున్నాయని బాధపడి, చీమల చాక్‌పీసు తీసి పెట్టె చుట్టూ, పైన జాలీ మూత అంచు పొడవునా గట్టిగా గీశారు.

సాయంత్రం మా వాడు "అమ్మా, జిలేబీ తల ఊగుతోంది" అని అరిచాడు. చేతిలోకి తీసుకున్నాను. మామూలుగా వేళ్లకు చుట్టుకునే పాము వదులు తాడులా జారిపోతోంది. ఒళ్లంతా సన్నగా వణుకు. వెల్లకిలా తిరిగితే మళ్లీ బోర్లా తిరగలేకపోయింది. జాలీ కింద పరిచిన కొబ్బరి పొట్టు మీద తెల్లటి పొడి సన్నగా రాలి ఉంది.

పాములను చూసే డాక్టర్ దొరకడానికి యాభై నిమిషాలు కారు నడపాల్సి వచ్చింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మందు అని. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడి ఒక ఇండియన్ కిరాణా కొట్టులో కౌంటర్ వెనక నుంచి తీసి ఇచ్చిన చాక్‌పీసులవి. ఉత్త ప్లాస్టిక్ కవర్లో రెండు ముక్కలు. కంపెనీ పేరు లేదు, అందులో ఏముందో లేదు. డాక్టర్ ఊహించి వైద్యం చేయాల్సి వచ్చింది. గోరువెచ్చని నీళ్లతో, కొద్దిగా సబ్బుతో ఒళ్లంతా కడిగి, రెండు రాత్రులు అక్కడే ఉంచుకున్నారు. జిలేబీ బతికింది. మళ్లీ తిండి ముట్టింది మాత్రం పంతొమ్మిదో రోజున.

మా అత్తయ్యగారిని నేను తప్పుపట్టను. మన ఊళ్లో వంటింటి గట్టు చుట్టూ ఆ తెల్ల గీత లేని ఇల్లు అరుదు. బలమైన పాము కూడా చలిచీమలకు చిక్కితే చస్తుందని చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టినవాళ్లమే అందరం. ఆ భయంతోనే ఆవిడ గీత గీశారు. ఆ గీతలో ఏముందో ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

ఈ చాక్‌పీసుల్లో సాధారణంగా ఉండేది డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ మందు. చామంతి జాతి పువ్వులో ఉండే ఒక పదార్థాన్ని చూసి ల్యాబుల్లో తయారుచేసినవి. పురుగుల నరాల మీద పనిచేస్తాయి. మన ఒంట్లో త్వరగానే విరిగి బయటికి పోతాయి. పాముది చల్లటి ఒళ్లు, అన్నీ నెమ్మది, మందు విరగడం కూడా. పైగా పాము వాసన చూసేది నాలుకతో. బయట చాచిన ప్రతిసారీ అక్కడి కణాలు నోట్లోకి వెళ్తాయి. మూత అంచు వెంట ముక్కు రాస్తూ తిరగడం కార్న్ స్నేక్‌కి అలవాటు. మేం గీత గీసింది సరిగ్గా అక్కడే.

ఇంకో సంగతి. పురుగుల మందు చాక్‌పీసులు అమ్మడం అమెరికాలో చట్టవిరుద్ధం. ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ ఎప్పటి నుంచో హెచ్చరిస్తోంది. అసలు ఆ హెచ్చరిక పాముల కోసం కాదు, పసిపిల్లల కోసం. బలపం అనుకుని నోట్లో పెట్టుకుంటారని. ఇక్కడ అమ్మే దాదాపు ప్రతి పురుగుల మందు లేబుల్ మీద ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది లేని కవర్ ఏ కొట్టులో ఇచ్చినా తీసుకోకండి.

మరి చీమలను ఆపేదెలా? నాకు దొరికిన మంచి ఉపాయం మా అమ్మమ్మ వంటింట్లోదే. పాలు, పెరుగు, నెయ్యి పెట్టే జాలీ బీరువా నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు, వాటిలో నీళ్లు. ఇప్పుడు మా పాము పెట్టె స్టాండు కాళ్ల కింద కూడా నాలుగు స్టీలు గిన్నెలున్నాయి. తేడా ఒక్కటే. ఇక్కడి ఫైర్ యాంట్స్, అంటే మంటపుట్టేలా కుట్టే ఎర్రచీమలు, నీళ్ల మీద తేలగలవు. 2017లో హార్వీ తుపానుకి హ్యూస్టన్ మునిగినప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పల్లా తేలుతూ వచ్చాయి. అందుకని నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేయాలి. అప్పుడు మునిగిపోతాయి. స్టాండు గోడకు ఆనకూడదు, కర్టెన్ తగలకూడదు, లైటు వైరు కిందికి వేలాడకూడదు. వాటిలో ఏ ఒక్కటి తగిలినా చీమకు వంతెనే. మా ఇంట్లో మొదటి రెండు రోజులూ హీటర్ వైరు మీదుగానే ఎక్కాయి.

చీమలు అప్పటికే లోపలికి వెళ్లి ఉంటే ముందు పామును వేరే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాలి. గాలికి రంధ్రాలుండాలి, అడుగున పేపర్ టవల్, నీళ్ల గిన్నె చాలు. పెట్టెలోని పొట్టంతా పారేసి, సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాకే మళ్లీ పామును పెట్టాలి. చీమలు నడిచిన దారిని వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే వాసన పోయి దారి తప్పుతాయి. తినని ఎలుకను, మలాన్ని వెంటనే తీసేస్తే సగం సమస్య రానే రాదు. కుబుసం విడిచే రోజుల్లో రోజుకు రెండుసార్లు చూడండి. అప్పుడు దానికి కళ్లు మసకగా ఉంటాయి, ఎక్కువగా కదలదు. కంటి రెప్పలు కూడా లేని జీవి అది.

జిగురు టేపు, జిగురు అట్టలు పాము గదిలో వద్దే వద్దు. పొరపాటున అంటుకుంటే లాగకండి, చర్మం ఊడి వస్తుంది. వంటనూనె కొద్దికొద్దిగా రాస్తే జిగురు వదులుతుంది. కలరా ఉండలు, కర్పూరం, ఘాటు నూనెలు కూడా పెట్టకండి. ఆ మూసిన పెట్టెలో వాటి వాసన దానికి విషమే.

స్ప్రే కొడితే కనబడిన చీమలే చస్తాయి. కొన్ని జాతుల్లో అయితే పుట్ట రెండు మూడుగా చీలి ఇంకా పెరుగుతాయి. చక్కెర నీళ్లలో కొద్దిగా బోరాక్స్ కలిపి అమ్మే ఎరను, ఈపీఏ నంబరున్నది చూసి కొని, కిటికీ బయట పెట్టండి. చీమలు మోసుకెళ్లి రాణికి పెడతాయి. మొదటి రోజు ఎర దగ్గర చీమలు ఇంకా ఎక్కువవుతాయి, టెన్షన్ పడకండి. పెరట్లో ఫైర్ యాంట్స్ పుట్టలుంటే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు చెప్పే పద్ధతి ఉంది. ముందు పెరడంతా ఎర చల్లి, తర్వాత మిగిలిన పుట్టలకు విడిగా మందు వేయాలి. చల్లే ముందు ఒక చిప్స్ ముక్క పెట్టి చూడాలి. చీమలు దాని మీదికి వస్తేనే చల్లాలి.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఇది చదివి పిల్లలు పామును అడిగితే ఒప్పుకోకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన పాములను ఇంట్లో పెంచడం నేరం.

ఇక్కడి కిరాణా కొట్ల యజమానులను నేను వేడుకునేది ఒక్కటే, ఆ లేబుల్ లేని చాక్‌పీసులు కౌంటర్ వెనక నుంచి తీసేయండి. తెలుగు సంఘాలు తమ వాట్సాప్ గ్రూపుల్లో ఈ విషయం ఒక్కసారి పెడితే వందల ఇళ్లకు చేరుతుంది. సంపాదకుడు గారూ, వేసవిలో పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నలు ఏప్రిల్ నుంచే సూట్‌కేసులు సర్దుకుంటారు. పచ్చళ్లు, పొడులతోపాటు ఈ చాక్‌పీసులు కూడా అందులో పెడతారు. వాళ్లు సర్దుకునేలోపు ఈ ఉత్తరం వేయగలిగితే మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కేటీ, టెక్సస్