చప్పట్లు కొట్టారు, శ్మశానంలో మాత్రం చోటివ్వలేదు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం పేజీలో గ్లాడియేటర్ల మీద, అంటే ప్రాచీన రోమ్‌లో జనం చూస్తుండగా ఆయుధాలతో పోరాడినవాళ్ళ మీద వ్యాసం వేశారు, బొమ్మలు కూడా బాగున్నాయి. కాకపోతే చదివినవాళ్ళకి చివరికి మిగిలేది ఒక్కటే: ఇద్దరు బరిలోకి దిగితే ఒకడే బయటికొస్తాడని. అది నిజం కాదు. అసలు చెప్పాల్సిన సంగతేమో వ్యాసంలో ఎక్కడా లేదు.

ముందు చావు లెక్క చూద్దాం. సిసిలీలో ఫ్లామా అనే సిరియా గ్లాడియేటర్ సమాధి రాయి దొరికింది, తోటి గ్లాడియేటర్ ఒకడు వేయించాడు దాన్ని. ముప్ఫై ఏళ్ళు బతికాడు, 34 సార్లు దిగాడు, 21 గెలిచాడు, 9 సార్లు ఎటూ తేలలేదు, 4 సార్లు ఓడిపోయినా ప్రాణాలతో వదిలేశారు అని అందులో చెక్కి ఉంది. దిగిన ప్రతిసారీ ఒకడు చావాల్సిందే అయితే ఈ రాయి మీద ఆ నాలుగు ఓటములు ఎలా ఉంటాయి చెప్పండి? వదిలేయడం వెనక దయ ఎంతుందో గానీ డబ్బు మాత్రం గట్టిగానే ఉంది. రెండో శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త గయస్ తన పుస్తకంలో ఒక ఒప్పందం గురించి చర్చించాడు: యజమాని గ్లాడియేటర్‌ని ఆటకు పంపిస్తే, క్షేమంగా తిరిగొస్తే చెమటోడ్చినందుకు 20 దినారీలు (రోమన్ వెండి నాణేలు), చచ్చినా అవిటివాడైనా 1000 దినారీలు. మొదటిది అద్దె, రెండోది అమ్మకం కింద లెక్క. అంటే ఆట పెట్టించే పెద్దమనిషి ఒక్క ప్రాణం పోతే యాభై రెట్లు కట్టాలి. సంక్రాంతికి మన దగ్గర కత్తి కట్టిన పుంజు ఓడితే సాయంత్రానికి కూరైపోతుంది, రోమ్‌లో ఆ సౌకర్యం లేదు మరి.

అందుకే తిండి, వైద్యం దగ్గర లోటు చేసేవాళ్ళు కాదు. క్రీ.శ. 157లో, ఇప్పటి టర్కీలో ఉన్న పెర్గమమ్‌లో గ్లాడియేటర్లకు వైద్యుడిగా కుదిరినవాడు గాలెన్, తర్వాత చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌కు వైద్యం చేసింది కూడా ఆయనే. 1993లో టర్కీలోనే ఎఫెసస్ దగ్గర బయటపడిన గ్లాడియేటర్ల శ్మశానంలో ఎముకలు పరీక్షిస్తే ఎక్కువగా గింజలు, పప్పులు తిన్నారని తేలింది, మానిన గాయాలు కూడా కనిపించాయి. బార్లీ తినేవాళ్ళు అని జనం వాళ్ళని ఎగతాళి కూడా చేసేవాళ్ళట. మధ్యాహ్నం పూట ఏ రక్షణా లేకుండా చంపించిన నేరస్తుల సంగతి వేరు, ఆ ఘోరం చూసి రోమన్ తత్వవేత్త సెనెకా తన ఉత్తరంలో అసహ్యించుకున్నాడు. మీ వ్యాసంలో వాళ్ళనీ వీళ్ళనీ కలిపేశారు.

ఇంతకీ ఈ ఆటలకు డబ్బెవరు పెట్టారు? రోమ్‌లో మనకు తెలిసిన మొదటి పోటీ క్రీ.పూ. 264లో, పశువుల సంతలో, తండ్రి చనిపోతే కొడుకులు మూడు జతలను పోరాడించారు. ఆ తర్వాత చనిపోయినవాళ్ళు వంక, ఓట్లు అసలు పని అయిపోయింది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 65లో తండ్రి పేరు మీద 320 జతలను దింపాడు, ఆ తండ్రి పోయి అప్పటికే ఇరవై ఏళ్ళు! చివరికి క్రీ.పూ. 63లో రోమ్ నాయకుడు సిసెరో చట్టం తేవాల్సి వచ్చింది, పదవికి నిలబడేవాడు అంతకు ముందు రెండేళ్ళలో గ్లాడియేటర్ ఆటలు పెట్టకూడదని. ఎన్నికల ముందు ఏం పంచుతారో విజయవాడ, గుంటూరు వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. ఇటలీలో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపే ఊళ్ళో గోడ మీద రాసిన ఒక ప్రకటన దొరికింది: ఫలానా సాట్రియస్ వాలెన్స్ 20 జతలు, ఆయన కొడుకు 10 జతలు, జంతువుల వేట కూడా ఉంది, ఎండ తగలకుండా పైన గుడ్డ కడతాం అని. గోడ రాసిన ఎమిలియస్ సెలెర్ తన పేరు కూడా వేసుకున్నాడు, వెన్నెల్లో ఒక్కడినే రాశానని. ఇన్ని పెద్ద పేర్ల మధ్య నాకు బాగా నచ్చినవాడు ఈయనే.

ఇక మీ వ్యాసంలో లేని సంగతి. అదే పాంపేలో సెలాడస్ అనే గ్లాడియేటర్ గురించి ఆడపిల్లల గుండెల్లో నిట్టూర్పు అని గోడల మీద గీకారు, అంత క్రేజు. కానీ చట్టం దృష్టిలో గ్లాడియేటర్ పరువు లేనివాడు, వేశ్యలు, రంగస్థల నటుల వరసలోనే. బానిసలే కాదు, స్వేచ్ఛ ఉన్నవాళ్ళు కూడా కొందరు డబ్బు కోసం సంతకం పెట్టి వచ్చేవాళ్ళు, కాల్చినా కట్టేసినా కొట్టినా కత్తితో చంపినా ఒప్పుకుంటామని ప్రమాణం చేసి మరీ. ఆ ఒక్క ప్రమాణంతో పౌరుడిగా ఉన్న మర్యాదంతా పోయేది. ఇటలీలో సార్సినా అనే ఊళ్ళో హొరేషియస్ బాల్బస్ అనే ఆసామి ఊరివాళ్ళందరికీ శ్మశానానికి స్థలం దానం చేశాడు, శాసనం చెక్కించాడు. ముగ్గురికి మాత్రం ఇవ్వనన్నాడు: గ్లాడియేటర్‌గా తనను తాను అమ్ముకున్నవాడికి, ఉరేసుకున్నవాడికి, నీచమైన వృత్తి చేసినవాడికి. ఆట చూడటానికి మొదటి వరసలో కూర్చునేది ఇలాంటి దాతలే కదండీ!

ఇంకో రెండు చిన్న తప్పులు. బొటనవేలు కిందికి దించితే చావు అని రోమన్ రచనల్లో తేటగా ఎక్కడా లేదు, ఆ బొమ్మ మన కళ్ళల్లో నాటుకుపోయింది 1872లో ఫ్రెంచ్ చిత్రకారుడు జెరోమ్ వేసిన చిత్రం వల్ల. "చావబోయేవాళ్ళం వందనం చేస్తున్నాం" అన్నది గ్లాడియేటర్ల రోజువారీ మాట కాదు, క్లాడియస్ చక్రవర్తి ఇటలీలోని ఫ్యూసినస్ సరస్సు మీద పెట్టించిన ఓడల యుద్ధంలో దిగినవాళ్ళు అన్నట్టు రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఈ రెండూ మీరు బాక్సు కట్టి పెద్దక్షరాల్లో వేశారు, పిల్లలు కత్తిరించి స్కూల్ ప్రాజెక్టుకి అంటిస్తారు, నా టెన్షన్ అది. ఉత్తరం పొడుగైంది, కోసి వేసుకోండి, శ్మశానం ముక్క మాత్రం తీయొద్దు.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు