జిన్నింగ్ మిల్లు లాభాన్ని కొలిచే తీరు

హనుమకొండ

ప్రియమైన మిత్రమా,

మీ బావమరిది గారు వాటా కొనాలనుకుంటున్న రెండు జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరుచేసే) కంపెనీల లెక్కలు అందాయి. నికర లాభం చూసి రెండో కంపెనీవైపే మొగ్గుతున్నారని రాశావు. కాస్త ఆగమని చెప్పు.

యంత్రాలు, షెడ్ల తరుగుదల ఖర్చు పోగా, వడ్డీ, పన్ను కట్టకముందు రెండింటి నిర్వహణ లాభమూ 1 కోటి రూపాయలే. మొదటి కంపెనీ అప్పు మీద 40 లక్షల వడ్డీ కడుతోంది కనుక దాని నికర లాభం 44.90 లక్షలకు తగ్గింది. అప్పులేని రెండోదానికి 74.83 లక్షలు మిగిలింది. ఆ తేడా డబ్బు ఎక్కడినుంచి తెచ్చారన్నదాని వల్ల వచ్చిందే తప్ప, మిల్లు నడిపిన తీరు వల్ల కాదు. అందుకే పన్ను పోయిన తరువాతి నిర్వహణ లాభాన్ని, అంటే మన ఆడిటర్లు నోప్యాట్ అనేదాన్ని, ముందు చూడాలి.

ఇక్కడ నేనూ ఒకప్పుడు పొరబడ్డాను. నిర్వహణ లాభంలోంచి పుస్తకాల్లో రాసిన పన్నును తీసేస్తే సరిపోతుందనుకున్నాను. అలా చేస్తే మొదటి కంపెనీకి 15.10 లక్షలే పోయి 84.90 లక్షలు మిగిలినట్టు కనిపిస్తుంది. వడ్డీ వల్ల తగ్గిన పన్ను మిల్లు ప్రతిభగా లెక్కలోకి వచ్చేస్తుంది. అప్పే లేదనుకుని పన్ను వేయాలి. 2019లో వచ్చిన పద్ధతిని ఎంచుకున్న దేశీయ కంపెనీకి 22 శాతం పన్ను, దానిపై 10 శాతం సర్‌ఛార్జి, ఆ మొత్తంపై 4 శాతం సెస్సు కలిసి 25.168 శాతమవుతుంది. కాబట్టి రెండింటి నోప్యాట్ కూడా 74.83 లక్షలే. స్థలం అమ్మిన లాభమో, డిపాజిట్ వడ్డీయో నిర్వహణ లాభంలో కలిసి ఉంటే ముందే తీసేయాలి.

అసలు చిక్కు పెట్టుబడి దగ్గర ఉంది. మొదటిదానికి మార్చి 31 నాటికి 5 కోట్లు, అందులో అప్పు 2 కోట్లు అని ఉంది. ఆ లెక్కన పెట్టుబడి మీద రాబడి, అంటే నోప్యాట్‌ను పెట్టుబడితో భాగిస్తే వచ్చేది, 15 శాతం. అయితే 2 కోట్లకు 40 లక్షల వడ్డీ అంటే నూటికి 20; బ్యాంకు అంత వేయదు. డిసెంబరులో వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి వచ్చిన పత్తి షెడ్డు కప్పుదాకా పేరుకుని, తేమ మీటరు పట్టుకున్న మనిషికి నిలబడే చోటుండదు. మార్చి చివర అదే ఆవరణలో మడిచిన టార్పాలిన్లే కనిపిస్తాయి. అప్పూ అలాగే సీజనులో ఉబ్బి, సంవత్సరాంతానికి తగ్గి ఉంటుంది. నూటికి 10 వడ్డీ అనుకుంటే సగటు అప్పు 4 కోట్లు, మొత్తం పెట్టుబడి 7 కోట్లు, రాబడి 10.7 శాతం. రెండోదానికి 8 కోట్ల మీద 9.35 శాతమే వస్తున్నా, ఆ 8 కోట్లు కూడా మార్చి లెక్కే.

బయానా ఇచ్చేముందు మొదటి కంపెనీ బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు (సరుకు నిల్వల లెక్కలు), రెండోదాని నెలవారీ నిల్వ లెక్కలు, పన్నెండు నెలలవీ అడిగి తీసుకొమ్మను. అవి రాగానే నాకు పంపు, కూర్చుని సగటు తీస్తాను.

నీ మిత్రుడు