సోంపు గిన్నెలో పది నోటు అక్కడ సరిపోదు

సంపాదకులకు,

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలో చెప్పేవాళ్లు బోలెడంతమంది. టిప్పు సంగతి చెప్పేవాళ్లే తక్కువ. మన హోటల్లో సోంపు గిన్నెలో పదో ఇరవయ్యో పెట్టడం మన ఇష్టం. అక్కడ అది వెయిటరు జీతంలో భాగం. కేంద్ర చట్టం ప్రకారం గంటకు కనీస వేతనం 7.25 డాలర్లు. కానీ టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని 2.13 ఇస్తే చాలు, మిగతాది టిప్పులతో పూడాలి. పూడకపోతేనే యజమాని కలుపుతాడు. 1991 నుంచి ఆ 2.13 కదల్లేదు. టెక్సస్‌లో ఇప్పటికీ అదే లెక్క. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, అయినా టిప్పు అలవాటు అక్కడా పోలేదు.

కూర్చుని తినే చోట 15 నుంచి 20 శాతం ఇస్తారు. పన్ను కలపకముందు ఉన్న మొత్తం మీద లెక్క కడితే చాలు. తిండి 64 డాలర్లు, పన్ను 5.28, మొత్తం 69.28 అనుకోండి. 18 శాతమంటే పదకొండున్నర, పన్నెండు ఇవ్వొచ్చు. కార్డు గీకాక వచ్చే చీటీలో టిప్ గీత మీద 12.00, కింద టోటల్ దగ్గర 81.28 రాసి సంతకం చేయాలి. రెండు గీతలూ ఖాళీగా వదిలేయకండి. ఫోన్‌కు ముందు 69.28 అని మెసేజ్ వచ్చి, తర్వాత 81.28 పడితే మోసం జరిగిందని కంగారుపడక్కర్లేదు. టిప్పును వాళ్లు తర్వాతే కలుపుతారు.

అసలు దెబ్బ తినేది పెద్ద గుంపుతో వెళ్లినప్పుడు. ఆరుగురు దాటితే చాలా హోటళ్లు 18 శాతమో 20 శాతమో ‘గ్రాట్యుటీ’ పేరుతో ముందే బిల్లులో వేసేస్తాయి. అయినా కింద టిప్ గీత ఖాళీగానే ఉంటుంది. చూసుకోకపోతే రెండుసార్లు కట్టినట్టే. అది కనిపిస్తే గీత మీద సున్నా పెట్టేయండి.

కాఫీ కౌంటర్లో, పార్సిల్ దగ్గర తెర తిప్పి 18, 20, 25 చూపిస్తారు. ‘నో టిప్’ నొక్కినా తప్పేం లేదు. వెనక క్యూ చూసి మొహమాటపడేవాళ్లే ఎక్కువ!

హోటల్ గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు 2 నుంచి 5 డాలర్లు ఏరోజుకారోజు పెట్టాలి. చివరి రోజు మొత్తం పెడితే అది వేరే మనిషికి పోవచ్చు. దిండు కింద కాకుండా, ‘థాంక్యూ’ అని రాసిన కాగితంతో బల్ల మీద పెట్టండి.

మనవాళ్లు ఎక్కువగా వాడే విమానాశ్రయం వీల్‌చైర్ చట్టప్రకారం ఉచితం. తోసినవాళ్లకు 5 నుంచి 10 ఇవ్వడం ఆనవాయితీయే తప్ప బలవంతం లేదు. ఇక్కడ డాలర్లు మార్చుకునేటప్పుడే ఒకట్లు, ఐదుల నోట్లు కొన్ని అడిగి తీసుకోండి. వంద నోటు చేతిలో పెట్టుకుని చిల్లర అడగడం కష్టం.

– ఒక పాఠకురాలు, హనుమకొండ