శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వచ్చేవాళ్లకి

అందరికీ నమస్కారం. ఈ శనివారం డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే ఈ పాత కార్ల పండగకి కాస్త పొద్దున్నే బయల్దేరండి, లేటైతే పార్కింగ్ టెన్షన్ తప్పదు. మడత కుర్చీలు, మంచినీళ్లు మీవే.

ఫోర్డ్ మస్టాంగ్ కార్లు ఎలాగూ బోలెడు కనిపిస్తాయి. నా మాట విని 1964 పాంటియాక్ జీటీవో కోసం వెతకండి. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టొద్దని అప్పట్లో జనరల్ మోటార్స్ రూలు. ఆ కంపెనీ బ్రాండే అయిన పాంటియాక్‌లో చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్ బృందం ఏం చేసిందంటే, 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని తమ మధ్యరకం కారు టెంపెస్ట్‌కి జీటీవో అనే ‘ఆప్షన్’గా, అంటే కావాలంటే అదనంగా కొనుక్కునేదిగా, చూపించి ఆ రూలుని దాటేసింది! ముందు చక్రం వెనకాల ఫెండర్ మీద ‘6.5 లీటర్’ అని బ్యాడ్జి ఉంటుంది. లెక్క వేస్తే 6.4 కూడా నిండదు, అది వేరే సంగతి.

అడిగితే ఓనర్లు బానెట్ ఎత్తి సంతోషంగా చూపిస్తారు. పిల్లల్ని మాత్రం పెయింట్ మీద చెయ్యి వేయనివ్వకండి.