కోడ్ చెరిపేసే ముందు కారణం వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో మద్దిలపాలెం, హనుమంతవాక వంటి రద్దీ కూడళ్లలో ఎర్రదీపం దగ్గర నిలిచిన కారు చప్పుడు చేయకుండా ఆగిపోవడం, వెనకనుంచి హారన్లు మోగుతుండగా మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ కావడం చాలామంది వాహన యజమానులకు అనుభవమే. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, అప్పుడప్పుడు మాత్రమే ఇంజన్ ఆగిపోయే ఈ జబ్బు కంటే, దానికి మన వర్క్‌షాపుల్లో జరుగుతున్న వైద్యమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ముందు స్పార్క్ ప్లగ్గులు, తర్వాత ఇగ్నిషన్ కాయిళ్లు, ఆపైన ఫ్యూయల్ పంపు, అదీ కాకపోతే బ్యాటరీ అంటూ వరుసగా భాగాలు మార్చుకుంటూ పోతున్నారు. మార్చిన ప్రతి భాగానికీ బిల్లు ఉంటుంది గాని, ఎందుకు మార్చారో చెప్పే పరీక్ష ఫలితం ఒక్కటీ ఉండదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలో మోటారు వాహనాల మెకానిక్ విభాగంలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా ఈ విషయంపై నాలుగు మాటలు రాయదలచాను.

కారు ఆగిందని చెప్పడంతో సరిపోదు, ఎలా ఆగిందో చెప్పాలి. నిర్ధారణలో సగం పని అక్కడే పూర్తవుతుంది. ఇంజన్ వణికి, ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్ ముల్లు 800 నుంచి 600కు, 500కు జారుతూ, కాస్త కొట్టుకుని ఆగితే గాలికో ఇంధనానికో సంబంధించిన లోపమని అనుమానించాలి. అలా కాక, తాళం తీసేసినట్టు ఒక్కసారిగా ఆగితే, అందులోనూ ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు సున్నాకు పడిపోతే, విద్యుత్ వైపు చూడాలి. ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ వేడెక్కినప్పుడు సంకేతం తెగిపోతే ఇంజన్ తిరుగుతున్నట్టే దాన్ని నడిపించే కారులోని కంప్యూటర్‌కు తెలియదు, కాబట్టి అది స్పార్కునూ పెట్రోలునూ రెండింటినీ ఆపేస్తుంది. సెన్సర్ చల్లారాక కారు మామూలుగా స్టార్ట్ అవుతుంది. వర్క్‌షాపుకు చేరేసరికి జబ్బు మాయమైందని యజమానులు వాపోవడానికి ఇదొక కారణం. అన్నట్టు, కొన్ని కొత్త కార్లలో సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి, బ్రేకు లేదా క్లచ్ కదలికతో మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు ఉంటుంది. దాన్నే లోపమనుకుని వర్క్‌షాపుకు తెచ్చేవారూ ఉన్నారు.

వణికి ఆగే మొదటి రకానికి సాధారణ కారణం, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలో పేరుకునే కార్బన్. ఐడ్లింగ్‌లో ఇంజన్‌కు అందే గాలి చాలా కొద్ది. సీతాకోకచిలుక రెక్కలాంటి ఆ వాల్వు అంచున మసి పట్టితే ఆ కొద్ది దారీ మూసుకుపోతుంది. దాన్ని సరిదిద్దడానికి కంప్యూటర్ నెలల తరబడి వాల్వును కొంచెం కొంచెంగా ఎక్కువ తెరుస్తూ ఆ కొలతను గుర్తుపెట్టుకుంటుంది. బ్యాటరీ తీసినప్పుడు చాలా కార్లలో ఈ జ్ఞాపకం చెరిగిపోతుంది. బ్యాటరీ మార్చిన మర్నాటి నుంచే కారు ఆగిపోతోందంటూ దుకాణదారుతో తగువుపడేవారిలో కొందరి అసలు సమస్య ఈ మసే. ఇక మసి శుభ్రం చేసి, కొత్త కొలతను కంప్యూటర్‌కు నేర్పకుండా పంపేస్తే ఐడ్లింగ్ ఎక్కువై యజమాని మళ్లీ తిరిగి వస్తాడు. మన ఊరి ఉక్కపోతలో ఏసీ ఆపకుండా నడుపుతాం కాబట్టి కంప్రెసర్ క్లచ్ పట్టుకున్న ప్రతిసారీ, రేడియేటర్ ఫ్యాన్ తిరిగిన ప్రతిసారీ ఇంజన్‌పై భారం పెరుగుతుంది. అప్పుడే ఈ లోపం బయటపడుతుంది.

సింహాచలం, కైలాసగిరి ఘాట్ రోడ్లు దిగి క్లచ్ నొక్కగానే ఇంజన్ ఆగిపోయిందనే ఫిర్యాదుదీ ఇదే కోవ. గేరులో దిగుతున్నంతసేపు కంప్యూటర్ పెట్రోలు ఆపేసి ఉంచుతుంది, వేగం ఐడ్లింగ్ స్థాయికి దిగుతున్నప్పుడు తిరిగి ఇస్తుంది. ఆ అప్పగింత వేళ తగినంత గాలి లేకపోతే ఇంజన్ నిలదొక్కుకోలేదు. ఇది కేవలం అసౌకర్యం కాదు. ఇంజన్ ఆగగానే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకు సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఈ లోపం ఉన్న కారును సరిచేయించకుండా ఘాట్ ఎక్కించవద్దని యజమానులను కోరుతున్నాను.

గాలి కొలిచే సెన్సర్‌ను దాటాక ఎక్కడైనా పైపు చిట్లి, కొలతకు అందని గాలి లోపలికి చొరబడినా ఇంజన్ ఐడ్లింగ్‌లో తడబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి భాగాలు విప్పనక్కరలేదు. కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే స్కానర్‌లో, పెట్రోలును ఎంత పెంచి తగ్గించి ఇస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూస్తే చాలు. ఐడ్లింగ్‌లో అది 20 శాతం పైగా పెరిగి, ఇంజన్‌ను నిమిషానికి 2500 తిరుగుళ్ల వేగంలో ఉంచినప్పుడు దాదాపు సున్నాకు దిగితే గాలి లీకే ప్రధాన అనుమానం. అయితే గాలి పరిమాణం కాక, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ గొట్టంలోని పీడనం కొలిచే చిన్న కార్లలో ఇదే లీకు వల్ల ఐడ్లింగ్ తగ్గడానికి బదులు పెరగవచ్చు. కారు ఏ పద్ధతిలో పనిచేస్తుందో తెలియకుండా అంకె చూసినా ఉపయోగం లేదు.

పెట్రోలు కొట్టించుకున్న వెంటనే ఐడ్లింగ్‌లో ఆగిపోతోందంటే మన అలవాటునూ కొంత పరిశీలించాలి. నోజిల్ టిక్కుమని ఆగాక కూడా రౌండ్ ఫిగర్ కోసం మరికొంత పోయించుకుంటాం. ఆ మిగులు పెట్రోలు, ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి చేరి, ఆ ఆవిరిని ఇంజన్‌కు వదిలే పర్జ్ వాల్వు గుండా ఇంజన్‌లోకి వచ్చి మిశ్రమాన్ని పాడుచేయగలదు. ఆ వాల్వు తెరుచుకుని ఉండిపోయినా అంతే. ఇక ప్రతి లోపానికీ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమనడం ఈమధ్య పరిపాటి అయింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుందన్నది నిజమే, ట్యాంకులో నీరు చేరితే ఇంజన్ ఆగడమూ నిజమే. ట్యాంకు నుంచి సీసాలోకి కొంచెం పెట్రోలు తీసి అడుగున నీరు విడిపోయిందో లేదో చూడకుండా ఆ మాట అనడం మాత్రం ఊహాగానం.

బీచ్ రోడ్డు పరిసరాల్లో ఆరుబయట నిలిపే కార్లకు ఉప్పుగాలి బెడద ఉంది. కనెక్టర్లలోని రాగి పచ్చబారుతుంది, బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ మొదట్లో తుప్పు పడుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ తీగ రెండు చివర్ల మధ్య వోల్టేజీ కొలిస్తే 0.2 వోల్టు దాటకూడదు. మల్టీమీటర్‌తో రెండు నిమిషాల్లో అయ్యే ఈ పరీక్ష చేయకుండా వేల రూపాయల సెన్సర్లు మార్చడం అన్యాయం.

నా అభ్యంతరమంతా ఒక్క అలవాటు మీద. దేశంలో 2013 ఏప్రిల్ నుంచి అమలైన, కారు తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసుకోవాలనే ఓబీడీ-2 నిబంధనతో, లోపం నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, ఉష్ణోగ్రత, భారం ఎంత ఉన్నాయో కంప్యూటర్, ఆ లోపాన్ని సూచించే కోడ్‌తోపాటు భద్రపరుస్తోంది. కారు రాగానే స్కానర్ పెట్టి ముందుగా ఆ కోడ్లు చెరిపేసి, మళ్లీ వస్తే చూద్దామనడం, దొంగలు పడిన ఇంటిని పోలీసులు రాకముందే కడిగేసినట్టు ఉంటుంది. కోడ్ ఉన్నంత మాత్రాన దానిలో పేరున్న భాగం చెడిందని కూడా కాదు. క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌ను సూచించే పీ0335 వచ్చిందంటే సెన్సర్, దాని తీగ, కనెక్టర్ మూడూ అనుమానితులే. కోడ్ ఏదీ లేకపోతే, లోపం వచ్చే పరిస్థితిని మళ్లీ కల్పించి, అంటే ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ వేసి, అంకెలను రికార్డు చేస్తూ కాచుకోవాలి. ఓపిక కావాల్సిన పని కాబట్టి దానికి వేరుగా రుసుము తీసుకోవడం సబబే, యజమానులు ఇవ్వడమూ సబబే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సంబంధిత సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని సేవాలోపంగానే పరిగణిస్తుంది. కాబట్టి నగరంలోని వర్క్‌షాపులు, గాజువాక ఆటోనగర్‌లోని చిన్న షెడ్లు సైతం, చెరిపే ముందు కనిపించిన కోడ్లను, చేసిన పరీక్షను, వచ్చిన కొలతను జాబ్ కార్డు మీద రాసి ఒక ప్రతిని యజమానికి ఇవ్వాలి. తీసేసిన పాత భాగాన్నీ చేతికివ్వాలి. యజమానులు కూడా కారు ఇచ్చేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండగా ఆగిందో వేడెక్కాక ఆగిందో, ఏసీ నడుస్తోందో లేదో, పెట్రోలు ఎప్పుడు పోయించారో కాగితం మీద రాసి అదే జాబ్ కార్డుకు జతచేయాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానిక్ బోధకుడు,
కంచరపాలెం, విశాఖపట్నం