భీమిలి ఒడ్డున నన్ను ఆదుకున్న తల్లికి కృతజ్ఞతలు

భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు వరకు రోజూ ఉదయం నడిచి వెళ్లడం, తిరిగి వస్తూ పడవల దగ్గర ఇంటికి చేపలు కొనుక్కోవడం ఉద్యోగ విరమణ తరువాత నాకు అలవాటైన దినచర్య. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధం ముగిసి, మర పడవలు మళ్లీ సముద్రంలోకి వెళ్లిన తొలి వారంలో, ఇసుకలో సగం పూడిన మోకు కాలికి తగులుకుని నేను బోర్లా పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, కళ్లజోడును అల లాక్కుపోయింది.

అమ్మకానికి తెచ్చిన కానాగంత చేపల గంపను పక్కవారికి అప్పగించి మీరు పరుగెత్తుకొచ్చారు. "కదలకండి బాబూ" అంటూ నన్ను కూర్చోబెట్టి, మీరు తాగడానికి తెచ్చుకున్న నీళ్లతోనే గాయంలోని ఇసుకను కడిగి, తలమీది చుట్టకుదురు విప్పి ఆ గుడ్డతో కట్టు కట్టి, ఆటో ఎక్కించారు. రెండు నెలల తరువాత చేతికందిన చేప ఎండ ముదిరేలోగా అమ్ముడుపోకపోతే ధర పడిపోతుందని ఈ ఊళ్లో పుట్టిన నాకు తెలియనిది కాదు. ఆ ఉదయపు బేరాన్ని మీరు నా కోసం వదులుకున్నారు.

కళ్లజోడు లేనందువల్ల మీ ముఖం నాకు సరిగా కనబడలేదు, కంగారులో పేరైనా అడగలేదు. గొంతు మాత్రం గుర్తుంది. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. చేపల వాసన ఇంకా పూర్తిగా వదలని ఆ గుడ్డను ఉతికి, మడతపెట్టి, రోజూ సంచిలో పెట్టుకునే ఒడ్డుకు వస్తున్నాను.