నలుపు తెలుపుల గీత గీసింది చట్టమే

సంపాదకులకు,

అమెరికా బానిసత్వంపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చర్మం రంగు వేరు కావడం వల్లే ఆఫ్రికావాళ్లు అక్కడ బానిసలయ్యారన్న అర్థంలో అందులో ఒక మాట ఉంది. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ని. మొదట్లో పిల్లలకు నేనూ అలాగే చెప్పాను కాబట్టే ఆ మాటను చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. జరిగింది దానికి తలకిందులు: రంగును గీతగా మార్చింది చట్టాలే.

1619లో అమెరికాలోని ఇంగ్లండు వలసరాజ్యం వర్జీనియా తీరాన పాయింట్ కంఫర్ట్ దగ్గర ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను ఓడ దించి, తిండి సరుకుల కింద మార్చుకున్నారు. అప్పటికి ఆ వలసరాజ్యంలో బానిసత్వ చట్టమంటూ లేదు. పొగాకు తోటల్లో ఇంగ్లండు పేదలు కూడా ఇన్నేళ్లని ఒప్పందం రాసిచ్చి వాళ్ల పక్కనే చాకిరీ చేసేవారు. 1640లో ముగ్గురు నౌకర్లు కలిసి పారిపోయి దొరికిపోయారు. ఇద్దరు యూరప్ వాళ్లకు మరో నాలుగేళ్ల చాకిరీ పడింది. మూడో మనిషి జాన్ పంచ్ ఆఫ్రికన్. ఆయనకు బతికినంత కాలం.

ఎలిజబెత్ కీ కథ మన పిల్లలు తప్పక చదవాలి. వర్జీనియాలో ఆమెను బానిసగా ఉంచారు. తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఇంగ్లండు ఆచారంలో, మన దగ్గరలాగే, బిడ్డది తండ్రి వరస. పైగా ఆమె బాప్తిస్మం పొందిన మనిషి. ఈ రెండూ కోర్టులో చూపించి 1656లో ఆమె స్వేచ్ఛ గెలుచుకుంది. వర్జీనియా శాసనసభ ఏం చేసిందో చూడండి. 1662లో బిడ్డ స్థితి తల్లిని బట్టేనని చట్టం చేసింది. 1667లో బాప్తిస్మం వల్ల బానిసకు విడుదల రాదని మరో చట్టం. ఆమె నడిచిన రెండు దారులూ మూసేశారు. బానిస స్త్రీని చెరిచిన యజమానికి పుట్టిన బిడ్డ కూడా అతని ఆస్తే అయింది. తన రక్తాన్ని తానే అమ్ముకునే హక్కును కాగితం మీద రాసి ఇచ్చారు.

1676లో వర్జీనియా గవర్నరు మీద బేకన్ తిరుగుబాటు జరిగింది. దాని నాయకుడు పేదల మనిషేమీ కాదు, స్థానిక తెగల మీద దాడులు చేయించినవాడు. అయినా తెల్ల నౌకర్లు, నల్ల బానిసలు అతని వెంట కలిసి ఆయుధం పట్టారు, రాజధాని జేమ్స్‌టౌన్ తగలబడింది. ఈ కలయికే ఏలికలను భయపెట్టిందని చాలామంది చరిత్రకారులు అంటారు. అంతకుముందు చట్టాల్లో 'క్రైస్తవులు' అని ఉండే చోట 1691 చట్టంలో 'ఇంగ్లీషువారు, ఇతర తెల్లవారు' అన్న మాటలు కనిపిస్తాయి. నల్లవారిని పెళ్లాడిన తెల్లవారికి ఆ చట్టం విధించిన శిక్ష దేశబహిష్కారం. 1705లో బానిసలను భూమితో సమానమైన స్థిరాస్తిగా లెక్కగట్టారు.

ఇదంతా మనకు సంబంధం లేని గొడవ కాదు. స్వేచ్ఛ ఉన్న తెల్లవారికే పౌరసత్వమని 1790లో చేసిన చట్టాన్ని ఆధారం చేసుకుని, పంజాబు నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ 'తెల్లవాడు' కాడని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మన భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరింది ఆ ఏడాదే. భారతీయులకు పౌరసత్వపు దారి తెరుచుకున్నది 1946లో.

1662 నాటి చట్టం నాలుగైదు వాక్యాలు కూడా లేదు. దాన్ని తెలుగులో యథాతథంగా, ఎలిజబెత్ కీ కథ పక్కనే, వచ్చే ఆదివారం అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను.

— విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, నరసరావుపేట